మట్టిలో కలిసే నగ, చెమటకు కరగని నగ

(సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



"మీరు చేసే నగల గురించి కాసేపు చెప్పండమ్మా, మిగతా సంఘాలు కూడా మొదలు పెడతాయి" అని మమ్మల్ని పిలిచినారు. సంతోషం. అయితే ఒక మాట ముందే చెప్పుకుంటాము. ఇట్లాంటి సభల్లో ఎక్కువగా గెలిచిన కథలే వింటాము. మేము మాత్రం ముందు మా చేతులు కాలిన సంగతి చెప్పి, తర్వాత నిలదొక్కుకున్న సంగతి చెప్తాము. మా మాట విని రేపు ఏదో ఒక సంఘం స్త్రీనిధి అప్పు తీసుకుని ఈ పనికి దిగితే, మేము చేసిన తప్పే వాళ్ళూ చేయకూడదు. అందుకే ఇంత దాపరికం లేకుండా రాసుకొచ్చినాము.

మేము పది మందిమి. మా ఊరు చంద్రగిరి పక్కన. మాలో ముగ్గురు మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి కూలికి పోతారు. ఇద్దరు తిరుపతిలో పూలు కట్టేవాళ్ళు. ఒకరికి మిషను కుట్టే పని. మిగిలినవాళ్ళకు పాడి, కొంచెం సేద్యం. నగలు చేసే పని మాలో ఎవరికీ తెలియదు. ఎవరి ఇంట్లోనూ కంసాలి పని లేదు.

మొదలైన తీరు

ఒక శిక్షణ తరగతిలో "బయోమెటీరియల్స్" అనే మాట మొదటిసారి విన్నాము. చెట్టు నుంచో, పశువు నుంచో, పురుగు నుంచో వచ్చి, వాడి పారేస్తే మళ్ళీ మట్టిలో కలిసిపోయే పదార్థం అని అర్థం చెప్పినారు. అట్లాంటి వాటితో ఇప్పుడు దేశదేశాల్లో నగలు చేస్తా ఉన్నారంట. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌లో తాగువా అనే ఒక తాటిజాతి చెట్టు గింజ ఏనుగు దంతం మాదిరి తెల్లగా, గట్టిగా ఉంటుంది. దాన్ని చెక్కి పూసలు, బొత్తాలు చేసి అమ్ముతారు.

ఇంటికొచ్చి చెప్తే, మాలో పెద్దావిడ నవ్వింది. "ఇందులో కొత్తేముందే? మనం చెవికి పెట్టుకునేదాన్ని కమ్మ అని ఎందుకంటాము?" అని అడిగింది. నిజమే కదా! కమ్మ అంటే తాటాకు. తాటాకును చుట్టగా చుట్టి చెవి తమ్మెకు పెట్టుకునేవాళ్ళు. బంగారంతో చేయించుకునే కాలం వచ్చినా పేరు మాత్రం ఆకు పేరే నిలిచింది. లక్క గాజులు, తులసి పూసలు, రుద్రాక్షలు అన్నీ ఈ కోవలోవే. తిరుపతి వీధుల్లో తులసి మాల అమ్మని అంగడి ఉందా? అంటే ఈ విద్య మనకు పరాయిది కాదు, మధ్యలో ప్లాస్టిక్ పూస వచ్చి మరిపించింది, అంతే.

ముడి సరుకు కోసం వెతకాల్సిన పని కూడా లేదనిపించింది. మన జిల్లాల్లో దేవుడికి కొట్టే టెంకాయల చిప్పలకు కొదవా? తోతాపురి మామిడి గుజ్జు తీసినాక మిగిలే టెంకలు గుట్టలు గుట్టలు. చింతపండు కొట్టే ప్రతి ఇంట్లో గింజలు. పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులు మేపే రైతుల దగ్గర దారం తీసేదానికి పనికిరాని చిల్లుపడిన గూళ్ళు. ఇంక పూల సంగతి చెప్పక్కర్లేదు. కొండమీద మనం తలలో పూలు పెట్టుకోము, అక్కడి పూలన్నీ స్వామివే. ఆ పూలను ఒకప్పుడు పూలబావిలో వేసేవాళ్ళు. ఇప్పుడు వాడిన పూలతో 2021 సెప్టెంబరు నుంచి టీటీడీ అగరబత్తీలు అమ్ముతా ఉంది. ఎండబెట్టిన పూలతో స్వామివారి పటాలు చేసే పనిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ళు తిరుపతిలో ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చినారు. చెత్త అనుకున్నది సరుకు అవుతుందనేదానికి కళ్ళ ముందే సాక్ష్యం ఉంది. మేము కూడా ధైర్యం చేసినాము.

చైనా గ్రాస్ పూసలు: మా మొదటి దెబ్బ

సులభంగా అయ్యేదానితో మొదలు పెట్టినాము. అదే తప్పు.

మిఠాయిల్లో వాడే చైనా గ్రాస్ మీకు తెలుసు. సముద్రపు నాచు నుంచి తీస్తారు. దాని పొడిని నీళ్ళలో ఉడికించి, కొంచెం గ్లిజరిన్ కలిపి, పళ్ళెంలో పలచగా పోసి ఆరబెడితే, రెండు మూడు రోజులకు గాజు కాగితం మాదిరి పలక తయారవుతుంది. గ్లిజరిన్ ఎక్కువైతే మెత్తగా వంగుతుంది, తక్కువైతే పెళుసుగా విరుగుతుంది. పసుపు వేస్తే పచ్చగా, బీట్‌రూట్ రసం వేస్తే గులాబీగా, శంఖుపూలు వేస్తే నీలంగా వస్తుంది. కత్తెరతో కోసి, కొక్కెం తగిలిస్తే కమ్మ తయారు. వెలుతురుకు పట్టి చూస్తే రంగురాయి మాదిరి మెరుస్తుంది. మాకు మతి పోయింది. అంతే, లోకాన్ని గెలిచినట్టే అనుకున్నాము.

ఒక అంగడివాళ్ళు చూసి రెండు వందల జతలు అడిగినారు. సంఘంలో అప్పు తీసుకుని, పగలు రేయి కూర్చుని చేసి ఇచ్చినాము. అది ఆశ్వయుజం చివర. మన వైపు అసలు వానలు అప్పుడే కదా మొదలయ్యేది. కార్తీకంలో ముసురు పట్టి వారం రోజులు ఎండ ముఖం చూడలేదు. తర్వాత ఆ అంగడి నుంచి కబురొచ్చింది. పోయి చూస్తే, కమ్మలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దయినాయి. కొన్నిటి మీద తెల్లగా బూజు. బీట్‌రూట్ గులాబీ రంగు మట్టి రంగైంది. కొన్నవాళ్ళు కూడా తెచ్చి ఇచ్చినారంట, చెమటకు మెడంతా జిగురైందని. వాళ్ళు సరుకంతా వాపసు ఇచ్చేసినారు. వాళ్ళ తప్పేమీ లేదు. మేమే పరీక్ష చేయకుండా అమ్మినాము.

ఆ వారం సంఘం మీటింగు ఎట్లా జరిగిందో ఇక్కడ చెప్పేదానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాము. ఒకరి మీద ఒకరు నింద వేసుకున్నాము. "గుజ్జు ఫ్యాక్టరీకి పోయుంటే దినకూలైనా వచ్చుండేది" అని ఒకామె ఏడ్చింది. కంతు కట్టే తేదీ దగ్గర పడింది. లింకేజీలో మా సంఘం ఏనాడూ కంతు తప్పలేదు. ఆ పేరు పోగొట్టుకోకూడదని పది మందిమీ ఇంట్లో డబ్బు తెచ్చి కట్టినాము. ఒకామె తన మేకను అమ్మింది. నగలు చేస్తామని బయల్దేరినవాళ్ళం మేకను అమ్ముకుని కంతు కట్టినాము, ఇది మా మొదటి ఏడాది లెక్క.

ఆ మీటింగులోనే మా లెక్కలు రాసే అమ్మాయి ఒక మాట అనింది. "అక్కా, మట్టిలో కలిసిపోతుంది కాబట్టి ఇది మంచిదని చెప్పి అమ్మినాము. మట్టిలో కలిసేది చెమటకు కరగదా?" అనింది. ఈ పని మొత్తం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఏ గుణం వల్ల అది భూమికి మంచిదో, ఆ గుణం వల్లనే అది మనిషి ఒంటి మీద నిలవదు. ఆ రెండిటి మధ్య దారి కనుక్కోవడమే ఈ వృత్తి. అది తెలియకుండా సహజం, సహజం అని కేకలేస్తే లాభం లేదు.

శ్రీకాళహస్తిలో నేర్చుకున్నది

పని ఆపేద్దామా అనుకుంటా ఉండగా, మాలో ఒకామె పుట్టిల్లు శ్రీకాళహస్తి కావడం కలిసొచ్చింది. కలంకారీ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆ ఊరి కలంకారీకి జి.ఐ. గుర్తింపు ఉంది, ఆ ఊరి జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది అని మాకు తెలుసు. కానీ అక్కడ జరిగేది ఇంత లోతైన బయోమెటీరియల్స్ శాస్త్రమని తెలియదు.

వాళ్ళు బట్టను ముందు కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలో వగరు ఉంటుంది. ఆ వగరే రంగును పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనీయదు. నల్లరంగుకు తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. దాన్ని కసిమి అంటారు. అది గిన్నెలో చూస్తే నల్లగా ఉండదు. వగరు పట్టిన బట్ట మీద కలంతో గీస్తేనే నలుపు తిరుగుతుంది. ఇనుము, వగరు కలిస్తే పుట్టే నలుపు అది. ఎర్రరంగుకు పటిక గీత గీసి, తర్వాత చెక్కలు, వేర్లు వేసి ఉడికిస్తారు. పటిక పట్టిన చోటే ఎరుపు నిలుస్తుంది.

ఆయన మాతో అన్న మాట ఇది: "రంగు ముఖ్యం కాదమ్మా. రంగు పట్టేదానికి ముందు చేసే పని ముఖ్యం. మీరు తొందరపడి రంగు దగ్గర మొదలు పెట్టినారు." మాకు తల కొట్టేసినట్టయింది. బీట్‌రూట్ రంగు అందంగా ఉంటుంది గానీ నిలిచే రంగు కాదు. ఎండకు పోతుంది. వందల ఏళ్ళుగా మన ఊళ్ళో నిలిచే రంగులు వాడుతున్నవాళ్ళు ఉండగా మేము శరబత్తు రంగు వేసి అమ్మినాము.

మేము పెట్టుకున్న ఆరు పరీక్షలు

తిరిగొచ్చినాక ఒక నియమం పెట్టుకున్నాము. ఏ కొత్త సరుకైనా ఆరు పరీక్షలు దాటందే అమ్మకానికి పోదు. వీటికి ప్రయోగశాల అక్కర్లేదు, ఎవరింట్లోనైనా చేసుకోవచ్చు. రాసుకోండి.

ఒకటి, నీళ్ళ పరీక్ష: రాత్రి గ్లాసు నీళ్ళలో వేసి పొద్దున చూడాలి. ఉబ్బిందా, రంగు దిగిందా అని.

రెండు, చెమట పరీక్ష: ఉప్పునీళ్ళలో తడిపిన తెల్లబట్టలో ఒక దినం చుట్టిపెట్టాలి. తర్వాత మాలో ఒకరు వారం రోజులు పొలం పనికీ, వంటకూ పెట్టుకుని తిరగాలి.

మూడు, ఎండ పరీక్ష: సగం కాగితం కప్పి, సగం తెరిచి మిద్దె మీద పదిహేను దినాలు పెట్టాలి. రెండు సగాల రంగుకు తేడా వస్తే ఆ రంగు పనికిరాదు.

నాలుగు, ముసురు పరీక్ష: మూతపెట్టిన డబ్బాలో తడిగుడ్డతో పాటు ఒక నెల ఉంచాలి. బూజు, పురుగు ఇందులోనే బయటపడతాయి.

ఐదు, పడేసే పరీక్ష: నిలువెత్తు నుంచి బండ మీద మూడుసార్లు పడేయాలి.

ఆరు, మట్టి పరీక్ష: పూలకుండీలో పూడ్చి, మామూలుగా నీళ్ళు పోస్తా, మూడు నెలలకు తవ్వి చూడాలి. మట్టిలో కలుస్తుందని నోటితో చెప్పేముందు కంటితో చూడాలి కదా.

ఏది ఎట్లా తేలింది

ఇప్పుడు ఒక్కో సరుకు సంగతి.

టెంకాయ చిప్ప అన్నిటికంటే మొనగాడు. బాగా ముదిరిన కాయ చిప్పనే తీసుకోవాలి. సన్న రంపంతో కోసి, ఎమరీ పేపరుతో ముందు గరుకుది, తర్వాత నునుపుది పెట్టి రుద్ది, చివర్లో ఒక చుక్క టెంకాయ నూనె పట్టిస్తే నల్లరాయి మాదిరి మెరుస్తుంది. నీళ్ళు, చెమట, ఎండ, వాన, దేనికీ చెక్కుచెదరలేదు. మట్టి పరీక్షలో మూడు నెలలకు కూడా అట్లనే ఉంది. చాలా నిదానంగా కలుస్తుందన్నమాట. కాబట్టి "తొందరగా మట్టిలో కలిసిపోతుంది" అని దీన్ని గురించి చెప్పము, "టెంకాయ చిప్పతో చేసింది" అని మాత్రమే చెప్తాము. ఒక జాగ్రత్త: రుద్దేటప్పుడు వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. మొదట్లో కొంగు అడ్డం పెట్టుకుని చేసినాము, ఇద్దరికి దగ్గు పట్టుకుంది. ఇప్పుడు మాస్కు లేకుండా ఎవరినీ కూర్చోనీయము. కొన్నిసార్లు తడిపి రుద్దుతాము.

రెండోది చింతగింజ. గింజను వేయించి, పొట్టు తీసి, పిండి పట్టి, నీళ్ళలో ఉడికిస్తే మంచి జిగురొస్తుంది. కొండపల్లి బొమ్మలవాళ్ళు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి "మక్కు" చేసి బొమ్మల అతుకులకు వాడేది దీన్నే. మేము రంపపు పొట్టుకు బదులు చిప్ప రుద్దితే రాలిన దుమ్మును జల్లెడ పట్టి కలిపినాము. ముద్ద చేసి, పూసలుగా చుట్టి, పుల్లతో చిల్లి వేసి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగుళ్ళు వస్తాయి. అట్లా మా చెత్త కూడా మాకే సరుకైంది. గింజ పొట్టులో కూడా వగరుంది. ఆ పొట్టు పొడి కొంచెం కలిపిన పూసను కసిమిలో ముంచితే చక్కటి నలుపు తిరిగింది. ఆ రోజు మా సంతోషం చెప్పలేము. అయితే ఈ పూస నీళ్ళ పరీక్షలో ఓడిపోయింది, రాత్రంతా నానితే మెత్తబడింది. పైన లక్క పూత, తేనెమైనం పూత వేసినాక చెమటకు, చిన్న తడికి నిలిచింది గానీ స్నానానికి నిలవదు.

మూడోది పట్టుగూడు. చిల్లుపడిన గూళ్ళను కత్తెరతో రేకులుగా కోసి, పువ్వులుగా కూర్చి చెవులకు చేస్తాము. పట్టు కాబట్టి పసుపు, మంజిష్ఠ రంగులు బాగా పట్టుకుంటాయి, ముందు పటిక నీళ్ళలో ఉడికిస్తే చాలు. పువ్వెంత తేలికంటే చెవికి పెట్టుకున్నట్టే తెలియదు. పెద్దవాళ్ళకు, చెవి తమ్మె సాగినవాళ్ళకు ఇవి బాగా నచ్చినాయి. తడిస్తే కొంచెం వాడుతుంది గానీ ఆరితే మళ్ళీ నిలబడుతుంది.

నాలుగోది మామిడి టెంక. దీని మీద మేము చాలా ఆశ పెట్టుకున్నాము. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేట్టు ఏర్పాటు చేసుకునే దాకా రైతులు పడిన బాధ మనందరమూ చూసినాము. టెంకకు కూడా ఒక విలువ కడితే బాగుండునని మా ఆశ. కానీ లోపలి జీడి పిండితో చేసిన పూసలో కొవ్వు ఉంటుంది. కొన్నాళ్ళకు మక్కిన వాసన వచ్చింది, ముసురు పరీక్షలో పురుగు పట్టింది. పై పెంకు పీచుపీచుగా చీలిపోతుంది. ఇప్పటికి ఓడిపోయినాము. వదిలిపెట్టలేదు, ఇంకో మామిడికాయల కాలం చూస్తాము.

ఐదోది పాలు. నవ్వకండి. పాడి ఉన్న ఇళ్ళు మావి, విరిగిన పాలు ఏం చేయాలో తెలియక పారబోస్తాము. పాలను వేడిచేసి వెనిగర్ వేసి విరగ్గొట్టి, ఆ ముద్దను బాగా పిండి, అచ్చులో నొక్కి ఆరబెడితే ఎముక మాదిరి గట్టిపడుతుంది. 1890లలో జర్మనీలో ఇదే పాల ముద్దను ఫార్మాలిన్‌తో గట్టిపరచి గాలలిత్ అనే పదార్థం చేసినారు. పెట్రోలు ప్లాస్టిక్ రాకముందు యూరప్‌లో బొత్తాలు, నగలు దాంతో విరివిగా చేసేవాళ్ళు. ఫార్మాలిన్ విషం. ఇళ్ళల్లో, పిల్లలు తిరిగే చోట మేము దాన్ని ముట్టము. అది లేకుండా చేస్తే పొడిగా ఉన్నంతసేపే బాగుంటుంది, తడి తగిలితే మెత్తబడుతుంది. కాబట్టి గోడకు తగిలించే బొమ్మలకు తప్ప ఒంటికి వాడము.

చైనా గ్రాస్‌ను కూడా పూర్తిగా వదల్లేదు. వరలక్ష్మీ వ్రతానికి, పెళ్ళి పందిరికి ఒక్కరోజు అలంకారంగా చేస్తాము. ఒక్కరోజు ఉండాల్సిన దానికి ఒక్కరోజు నిలిచే సరుకు చాలు.

మేము ముట్టని మూడు

చేసేవి చెప్పినాము, చేయనివి కూడా చెప్పాలి.

మొదటిది గురివింద గింజ. ఎర్రగా, నల్లటి చుక్కతో ముచ్చటగా ఉంటుంది. వెనకటికి బంగారం తూచేవాళ్ళు దాంతోనే. కానీ ఆ గింజ లోపల కఠినమైన విషం ఉంది. పై పెంకు గట్టిగా ఉన్నంతసేపు బయటికి రాదు గానీ, పూస చేయాలంటే చిల్లి వేయాలి కదా! చిల్లి వేసే మనిషికీ ముప్పే, ఆ దండ నోట్లో పెట్టుకునే పసిబిడ్డకూ ముప్పే. దయచేసి ఏ సంఘమూ చేయొద్దు.

రెండోది ఎర్రచందనం. మా ఊరు శేషాచలం కొండల అంచున ఉంది. మేము పూసలు చేస్తామని తెలిసి ఒకాయన సందెవేళ వచ్చి, "చిన్న చిన్న ముక్కలే అమ్మా, పారేసేవే, చవగ్గా ఇస్తాను" అన్నాడు. ఎర్రచందనం పూసల దండకు ఎంత గిరాకీ ఉందో మాకు తెలుసు. కంతు కట్టలేక మేకను అమ్మిన ఏడాదే అది. అయినా వద్దన్నాము. అటవీ శాఖ అనుమతి కాగితం లేని ఎర్రచందనం ముక్క ఎంత చిన్నదైనా నేరమే. ఆ చెట్టు కోసం కూలికి పోయి జైళ్ళలో మగ్గినవాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరున్నారో మన రెండు జిల్లాలకు తెలుసు. ఒక సంఘం పేరు మీద అట్లాంటి ముక్క దొరికిందంటే మచ్చ సమాఖ్య అంతటికీ.

మూడోది రెసిన్. దీని మీద మాలో మాకే భేదం వచ్చింది. ఎండిన పువ్వును రెసిన్‌లో పోసి గట్టిపరిస్తే అద్దంలో పువ్వు ఉన్నట్టుంటుంది. బ్రహ్మాండంగా అమ్ముడుపోతుంది. "సహజ పుష్పాల నగ" అని పేరు పెట్టి అమ్ముతారు. కానీ ఆ అద్దం ప్లాస్టిక్కే. అది మట్టిలో కలవదు. గట్టిపడక ముందు చేతికి తగిలితే దద్దుర్లు వస్తాయి, గాలి ఆడని గదిలో దాని ఆవిరి మంచిది కాదు. గురివింద గింజ తన నలుపెరగదన్నట్టు, లోపలి పువ్వును చూపించి పైనున్న ప్లాస్టిక్‌ను దాచిపెట్టడం మాకు నచ్చలేదు.

మాలో ఒకామె మాత్రం, "నాకు ఇద్దరు ఆడపిల్లల చదువులు ఉన్నాయి, నేను చేస్తాను" అనింది. ఆమెను మేము తప్పు పట్టలేదు. ఆమె సొంతంగా చేసుకుంటుంది, చేతికి తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి చేస్తుంది. అయితే సంఘం పేరుతో, సహజం అనే మాటతో అమ్మదు. ఆమె ఇప్పటికీ మా సంఘం సభ్యురాలే, ఇప్పుడు ఈ సభలో మా పక్కనే కూర్చోనుంది. ఈ తీర్మానం మా పుస్తకంలో పది మంది సంతకాలతో ఉంది.

నల్లపూసల సంగతి

ఒక చిన్న సంగతి చెప్పి లెక్కల్లోకి పోతాము. కసిమి నలుపు తిరిగిన చింతగింజ పూసలు మేళాలో పెట్టినప్పుడు, ఒక తల్లీ కూతురూ వచ్చి చేతిలోకి తీసుకుని చూసినారు. కూతురికి నెలలో పెళ్ళంట. "ఈ నల్లపూసలు తాళిలోకి గుచ్చుకోవచ్చా?" అని అడిగింది తల్లి. పక్కన నిలబడిన మా అందరి గుండె ఒక్కసారి ఎగిరింది. మేము చేసిన పూస తాళిలోకి పోవడమంటే అంతకంటే గౌరవం ఏముంది? మంచి ధర కూడా ఇస్తామన్నారు.

కానీ తాళి తీసి స్నానం చేయరు కదా. ఇరవై నాలుగు గంటలూ ఒంటి మీదే ఉంటుంది. ఆ పూస నానితే మెత్తబడుతుందని మాకు తెలుసు. రేపు కొత్త పెళ్ళికూతురి తాళిలో పూస చిట్లిపోతే, వాళ్ళు దాన్ని వట్టి పూస చిట్లినట్టు అనుకుంటారా? "వద్దమ్మా, ఇది పండగకు పెట్టుకుని తీసేసే దండకైతే బాగుంటుంది, తాళికి నిలవదు" అని చెప్పినాము. ఆమె మా ముఖం వింతగా చూసింది. అమ్మేవాళ్ళే వద్దంటే వింత కాదా మరి! కానీ అదే ఆమె రెండు జతల పట్టుగూటి కమ్మలు కొనుక్కుంది. తర్వాత వాళ్ళ బంధువులు కూడా వెతుక్కుంటా వచ్చినారు.

అప్పటి నుంచి ప్రతి జతతో ఒక చిన్న చీటీ ఇస్తాము. దేనితో చేసింది, దేనికి నిలుస్తుంది, దేనికి నిలవదు, కొక్కెం స్టీలుది అని తెలుగులో రాసి ఉంటుంది. పాడైతే తెచ్చివ్వండి, బాగుచేసిస్తాము అని కూడా రాస్తాము. ఆ చీటీ మా అసలు పెట్టుబడి.

లెక్క

చిప్ప, గింజ ఊరికే వస్తాయి కదా, అంతా లాభమే అనుకునేవాళ్ళకు ఒక మాట. సరుకు ఊరికే వచ్చినా చేతిపని ఊరికే రాదు. మొదట్లో మేము కొక్కేలు, లక్క, ఎమరీ పేపరు ఖర్చు మాత్రమే లెక్కేసి ధర పెట్టినాము. మా గంటలు లెక్కేయలేదు. ఏడాది చివర్లో లెక్కలు రాసే అమ్మాయి గంటలు కూడా కూడి చూస్తే, మాకు పడింది ఉపాధి హామీ కూలి కంటే తక్కువ. చిప్పతో చేసే జతకు కోయడం, రుద్దడం, చిల్లి వేయడం అన్నీ కలిపి గంటకు పైనే పడుతుంది. అది తెలిసినాక ధర పెంచినాము. కొందరు తగ్గినారు, మిగిలినవాళ్ళు నిలిచినారు. ఈ ఏడాది గంటకు పడింది కూలికి సమానమైంది. అంతకంటే జాస్తి అని అబద్ధం చెప్పము. కానీ మామిడికాయల కాలం కాని నెలల్లో, ఇంటి పట్టునే, పాలు పితికే వేళకు లేచిపోయే వీలుతో వచ్చే కూలి అది. అందరమూ మళ్ళీ కంతు సంఘం డబ్బుతోనే కడతా ఉన్నాము. మేకను అమ్మినామె ఈ సంక్రాంతికి ఇంకో మేకను కొనింది.

సమాఖ్యకు మా మనవి

మూడు మనవులు చేసుకుంటాము.

ఒకటి, ఇట్లాంటి కొత్త పనికి అప్పు ఇచ్చేటప్పుడు, అమ్మకానికి ముందు ఒక వానాకాలం పరీక్షకు గడువు ఇవ్వండి. మొదటి నెల నుంచే కంతు మొదలైతే, పరీక్ష చేయకుండా అమ్మాలనే ఆత్రం పుడుతుంది. మేము పడిన గోతిలోకి తోసేది ఆ ఆత్రమే.

రెండు, రుద్దే మిషను, దుమ్ము లాగే ఫ్యాను, డ్రిల్లు మండలానికి ఒక చోట పెడితే, చుట్టుపక్కల సంఘాలన్నీ వంతులేసుకుని వాడుకోవచ్చు. ఊపిరితిత్తులు అందరివీ ఒకటే.

మూడు, "సహజం" అనే మాటకు సమాఖ్య తరఫున ఒక నియమం పెట్టండి. మన సంఘాల సరుకు మీద ఆ మాట ఉంటే కొనేవాళ్ళు కళ్ళు మూసుకుని నమ్మాలి. ఒక సంఘం చేసిన మోసం అన్ని సంఘాల మీదా పడుతుంది.

ఇంక ఎవరైనా ఈ పని నేర్చుకోవాలనుకుంటే మా ఊరికి రండి. చంద్రగిరి బస్సు దిగి అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. ఆరు పరీక్షలూ కళ్ళ ముందు చేసి చూపిస్తాము. ఓడిపోయిన పూసలు కూడా ఒక డబ్బాలో దాచిపెట్టినాము, బూజు పట్టిన చైనా గ్రాస్ కమ్మలు, పురుగు పట్టిన మామిడి జీడి పూసలు అన్నీ. కొత్తగా వచ్చినవాళ్ళకు ముందు ఆ డబ్బానే తెరిచి చూపిస్తాము.